ఏసీ బటన్ బంక పట్టిందా? ప్యానెల్ మార్చే ముందు ఇది చూడండి

ఈ టేబుల్ మీద ఉన్నది కనపడుతోంది కదా. కారు ఏసీ ప్యానెల్ ఇది. మూడు నాబ్‌లు, వాటి కింద మూడు బటన్లు. మొన్న రేపల్లె నుంచి ఒక అన్న కారు తెస్తే దాంట్లోంచి తీశాం. ఆయనకి అంతకుముందు వేరే చోట ఏం చెప్పారంటే, "ప్యానెల్ పోయింది, మొత్తం మార్చాలి, పద్నాలుగు వేలవుద్ది" అని. బటన్ ఇరుక్కుంటే వెంటనే ప్యానెల్ పోయిందని అనేస్తారండీ. ఎక్కువసార్లు పోయేది ప్యానెల్ కాదు. కొన్నిసార్లు తప్పు అసలు ప్యానెల్‌లోనే ఉండదు, డ్యాష్‌బోర్డ్ వెనకాల ఇంకెక్కడో ఉంటది. అది ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో ఈ రోజు చూద్దాం.

ముందు ఆ అన్న ఎందుకంత కంగారుగా వచ్చాడో చెప్తా. మంచి వాన, రాత్రి తొమ్మిదిన్నర. పెళ్ళికెళ్ళి రేపల్లె నుంచి బాపట్ల వస్తున్నారు, 216 హైవే మీద. కార్లో ఐదుగురు, అందరివీ తడిసిన బట్టలే. చలిగా ఉందని ఏసీ ఆపేశారు. జల్లు కొడుతోందని అద్దాలెత్తేశారు. పది నిమిషాల్లో ముందద్దం లోపలివైపు తెల్లగా మూసుకుపోయింది. ఏసీ బటన్ నొక్కాడు. లోపలికెళ్ళింది, లైటు ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరుగుతున్నట్టు ఒక బటన్ ఉంటది చూడండి, లోపలి గాలినే తిప్పే బటన్. అది ఆన్‌లో ఇరుక్కుపోయింది, బయటికి రావట్లేదు. పక్కన ఆవిడ చీర కొంగుతో అద్దం తుడుస్తుంటే, ఈయన తల బయట పెట్టి నడుపుకుంటూ ఎట్టాగో ఒక పెట్రోల్ బంకు దాకా వచ్చి ఆపాడంట. మన డెల్టా రోడ్లు తెలుసుగా. ఒక పక్క పొలం, ఇంకో పక్క కాలవ. చాలా చోట్ల గోడా ఉండదు, రాళ్ళూ ఉండవు. అద్దం కనపడకపోతే బండి పోయేది కాలవలోకే.

అందుకే ఏసీ బటన్‌ని చల్లదనం కోసం మాత్రమే అనుకోవద్దు. ఏసీ గాలిలో తేమ తీసేస్తది. లోపలుండే ఎవాపరేటర్ కాయిల్ చల్లగా ఉంటది కాబట్టి, గాలిలో ఉన్న నీరు దాని మీద చుక్కలుగా పట్టి కింద పైపులోంచి పోతది. ఎండాకాలంలో ఆపిన కారు కింద నీళ్ళు కారేది అవే. ఐదుగురు ఊపిరి వదులుతుంటే, తడి బట్టలు ఆరుతుంటే, ఆ తేమంతా బయటికి పోయే దారి లేక చల్లగా ఉన్న అద్దం మీదకి చేరుద్ది. ఏసీ ఉంటే ఆరిపోద్ది. బయటి గాలి వస్తున్నా కొంత నయం. ఆయనకి రెండూ లేవు.

సరే, ఇప్పుడు బటన్ సంగతి. మనవాళ్ళు "బటన్ బంక పట్టింది" అన్నప్పుడు అందులో రెండు వేరే వేరే జబ్బులు ఉంటాయండీ. ఒకటి, బటన్ వేలికి అతుక్కుంటది కానీ మామూలుగానే పనిచేస్తది. రెండు, వేలికేం అంటదు కానీ బటన్ లోపలికి పోయి నెమ్మదిగా లేస్తది, లేదా లేవదు. మొదటిది పైపూత జబ్బు. రెండోది లోపల మురికి. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే బటన్ పాడవుద్ది.

మన రేపల్లె కారుది రెండో రకం. ఇక్కడ చూడండి, తమ్ముడూ కెమెరా కొంచెం దగ్గరికి పెట్టు. బటన్ పక్కన గోధుమరంగులో గట్టిపడి ఉంది కదా, అది చెరుకురసం. గేర్ దగ్గర గ్లాసు పెట్టుకుని తాగుతూ నడపడం, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒలకడం. అన్న ఒప్పుకున్నాడులే. దాని పైన ఇంకో పొర ఉంది, మెరుస్తోంది. అది శానిటైజర్. 2020 నుంచి ఇది ప్రతి మూడో కార్లో చూస్తున్నా. శానిటైజర్ కూడా ఆల్కహాలే కదా, తుడిస్తే శుభ్రం అవుద్ది అనుకుంటారు. కానీ దాంట్లో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, జెల్ అయితే చిక్కదనం కోసం ఇంకో పదార్థం. ఆల్కహాల్ ఎగిరిపోద్ది, ఇవి మిగిలిపోతాయి. దుమ్ము వచ్చి వీటి మీదే కూర్చుంటది. డ్యాష్‌బోర్డ్ మెరవాలని కొట్టే సిలికాన్ పాలిష్ కూడా అంతే. ప్యానెల్ మీద డైరెక్టుగా స్ప్రే కొట్టొద్దు, గుడ్డ మీద కొట్టి తుడవండి.

విప్పే ముందు, ఒక్క స్క్రూ కూడా తీయకుండా చేయాల్సిన పని ఒకటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయండి, పాటలు ఆపండి, బ్లోయర్ 1 మీద పెట్టి ఏసీ బటన్ నొక్కండి. నాలుగు చూడాలి, వినాలి. బటన్ మీద లైటు వెలిగిందా? ముందు నుంచి కంప్రెసర్ పట్టుకున్న "టక్" చప్పుడు వచ్చిందా? ఇంజిన్ శబ్దం కొద్దిగా మారిందా? గాలి వస్తోందా? లైటు వెలిగి, గాలి వచ్చి, టక్ రాలేదనుకోండి, అప్పుడు ప్యానెల్ జోలికి పోవద్దు. బటన్ చేసేది "ఏసీ కావాలి" అని అడగడం వరకే. ఆ మాట ఇంజిన్ కంప్యూటర్‌కి పోతది, అది గ్యాస్ ప్రెషర్ చూసుకుంటది, అంతా బాగుంటే రిలే ద్వారా కంప్రెసర్‌ని కలుపుద్ది. గ్యాస్ తగ్గితే ప్రెషర్ స్విచ్ ఒప్పుకోదు. అది కావాలని పెట్టిన రక్షణ. గ్యాస్ లీక్ ఉన్న కారుకి ప్యానెల్ మార్పించుకున్న వాళ్ళని నేను చూశా. డబ్బులూ పోయినై, చల్లదనమూ రాలేదు.

ఇంకో చిన్న మాట. చాలా కార్లలో బ్లోయర్ సున్నా మీద ఉంటే ఏసీ లైటు వెలగదు. అది రిపేరు కాదు. నవ్వొద్దు, దీని కోసం రిపేరుకి వచ్చినవాళ్ళు ఉన్నారు.

లైటే రాకపోతే, మినుక్కుమంటుంటే, లేదా గట్టిగా నొక్కి పట్టుకుంటేనే పనిచేస్తుంటే, అప్పుడు ప్యానెల్ విప్పండి. కానీ ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి కాసేపు ఆగండి. విప్పేటప్పుడు లోపల పసుపు రంగు కనెక్టర్ గానీ, పసుపు గొట్టంలో వెళ్ళే వైర్లు గానీ కనపడితే వాటిని ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. ప్రతి స్టెప్‌కి ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఏ స్క్రూ ఎక్కడిదో రాత్రికి గుర్తుండదు. చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్ క్లిప్పులతో పట్టుకుని ఉంటది. స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే గీతలు పడతాయి, విరుగుద్ది. పాత ఏటీఎం కార్డు ఒకటి చాలు, సందులో పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోవాలి. ఇట్టాంటి నాబ్ ప్యానెళ్ళకి వెనకాల కేబుళ్ళు ఉంటాయి, సైకిల్ బ్రేక్ వైరు లాంటివి. ప్యానెల్‌ని ఒక్కసారిగా లాగితే ఆ కేబుల్ వంకర పోద్ది, తర్వాత టెంపరేచర్ నాబ్ చివరిదాకా తిరగదు. అప్పుడు ఏసీ చల్లగా లేదని ఇంకో రిపేరు మొదలు.

విప్పాక లోపల ఏముందో చూడండి. టీవీ రిమోట్ విప్పారా ఎప్పుడైనా? అచ్చం అదే. కింద గ్రీన్ బోర్డు, పైన మెత్తటి రబ్బరు షీట్, ప్రతి బటన్ కింద రబ్బరు గుబ్బ, దాని అడుగున నల్లటి చిన్న బిళ్ళ. ఆ బిళ్ళ కార్బన్, కరెంటు పోనిస్తది. బటన్ నొక్కితే బిళ్ళ పోయి బోర్డు మీద రెండు గీతల్ని కలుపుద్ది. అంతే. అన్ని ప్యానెళ్ళూ ఇట్టాగే ఉండవు. కొన్నింట్లో రబ్బరు బదులు టిక్ టిక్ మనే చిన్న స్విచ్‌లు ఉంటాయి, అవి అరిగితే మార్చాలి, సెల్ రిపేర్ చేసే కుర్రాడు ఎవరైనా సోల్డరింగ్ చేసిస్తాడు.

శుభ్రం చేయడానికి కావాల్సింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఐపీఏ అంటారు. మీ ఊళ్ళో సెల్ షాపులో ఫోన్ బోర్డులు తుడిచేది దీంతోనే. సీసా మీద 99 శాతం అని ఉండేది తీసుకోండి. 70 శాతం దాంట్లో మిగతాది నీళ్ళు, బోర్డుకి అది వద్దు. కాకపోతే ఒక సంగతి. చక్కెర ఆల్కహాల్‌లో సరిగ్గా కరగదు, నీళ్ళలో కరుగుద్ది. అందుకని ఇట్టా చెరుకురసం, కూల్‌డ్రింక్ పడినవాటికి ప్లాస్టిక్ బటన్లు, రబ్బరు షీట్ విడిగా తీసి గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడగాలి. ఆరబెట్టాలి, నీడలో, పూర్తిగా. బోర్డుకి మాత్రం నీళ్ళు తగలకూడదు, బోర్డుకి ఐపీఏ, మెత్తటి బ్రష్. నల్ల బిళ్ళల్ని గీకొద్దు, దూదితో ఒక్కసారి అద్దితే చాలు. గీకితే కార్బన్ లేచిపోద్ది, ఇక ఆ బటన్ ఎప్పటికీ పనిచేయదు.

పెట్రోలు, థిన్నర్ వద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కూడా బటన్ సందులోకి కొట్టొద్దు. కొట్టగానే బటన్ హాయిగా కదులుద్ది, వీడియోల్లో అది చూపించి ఆపేస్తారు. రెండు నెలలకి ఆ నూనె దుమ్ము పట్టి ముందుకంటే చిక్కగా బంకవుద్ది. రిమోట్ అరిగితే సిగరెట్ పెట్టె రేకు కత్తిరించి అంటిస్తారు కదా మనోళ్ళు, అది కూడా వద్దు. ఇంట్లో రిమోట్‌లో రెండు చిన్న సెల్స్ ఉంటాయి, రేకు ఊడిపడితే రిమోట్ ఆగిపోద్ది, అంతే. కార్లో వెనక ఉన్నది కారు బ్యాటరీ.

ఇప్పుడు మొదటి రకం, వేలికి అతుక్కునేది. కొన్ని కార్లలో బటన్లు పట్టుకుంటే రబ్బరులాగా మెత్తగా ఉండాలని పైన పాలీయురేథేన్ పూత వేస్తారు. ఏళ్ళ తరబడి వేడి, గాలిలో తేమ తగిలితే ఆ పూత తనంతట తనే విడిపోయి జిగురవుద్ది. ఎంత తుడిచినా మళ్ళీ జిగురే, ఎందుకంటే అది మురికి కాదు, బటన్‌లో భాగమే. ఇది చవక కార్ల జబ్బు అనుకునేరు. 1990ల చివర్లో, 2000ల్లో వచ్చిన ఫెరారీ కార్లకి ఇది పెద్ద పేరున్న బాధ. విదేశాల్లో ఆ బటన్లు తీసుకుని మళ్ళీ పూత వేసిచ్చే షాపులే ఉన్నాయి. మనకి బాపట్ల, రేపల్లె పక్క సముద్రపు గాలి, మే నెల ఎండ రెండూ ఉన్నాయి కాబట్టి ఇంకా తొందరగా వస్తది.

దీన్ని ఐపీఏతో రుద్దితే పూత మొత్తం నల్లగా గుడ్డకి వచ్చేస్తది, కింద గట్టి ప్లాస్టిక్ మిగులుద్ది. జిగురు పోద్ది. కానీ ఆగండి. రాత్రిపూట బటన్ మీద బొమ్మ వెలుగుద్ది కదా, అది ఎట్టా వెలుగుద్దో తెలుసా? బటన్ అసలు తెల్లటి, వెలుతురు పోనిచ్చే ప్లాస్టిక్. దాని మీద నల్ల రంగు వేసి, బొమ్మ ఉన్నంత మేర లేజర్‌తో రంగు తీసేస్తారు. మీరు మొత్తం రుద్దితే ఆ నల్ల రంగు కూడా పోద్ది. అప్పుడు బొమ్మ ఉండదు, బటన్ మొత్తం బల్బులా వెలుగుద్ది. మా దగ్గరే ఒక కుర్రాడు ఉత్సాహంగా ఒక కారు బటన్లన్నీ ఇట్టా తెల్లగా చేశాడు. ఆ కారాయనకి ఏ బటన్ ఏదో బట్టీ పట్టాల్సొచ్చింది. నా మాట ఏంటంటే, కనపడని అంచు మీద ముందు చూడండి. రంగు కూడా లేస్తుంటే ఆపేసి, కొత్త బటన్ క్యాప్‌లు విడిగా దొరుకుతాయేమో అడగండి.

మళ్ళీ రేపల్లె కారుకొద్దాం. బటన్లు కడిగి బిగించాం, టిక్కుమని లేస్తున్నాయి. బిగించాక చూస్తే బ్లోయర్ 1, 2, 3 మీద గాలే లేదు, 4 మీద మాత్రం ఫుల్లు. "అది ఆర్నెల్ల నుంచీ అంతేలే, పాత కారు కదా" అన్నాడు అన్న. ప్యానెల్ పోయిందని వాళ్ళు అనడానికి ఇది కూడా ఒక కారణమంట. ఇది అస్సలు ప్యానెల్ తప్పు కాదండీ. నాబ్ ప్యానెల్ ఉన్న కార్లలో బ్లోయర్ స్పీడ్ తగ్గించడానికి ఒక రెసిస్టర్ ఉంటది, చాలా కార్లలో ఎడమ సీటు ముందు గ్లోవ్ బాక్స్ వెనకాల. 1 మీద పెడితే కరెంటు రెసిస్టర్ తీగ మొత్తం దాటి రావాలి, 2, 3కి కొంచెం కొంచెం. 4కి మాత్రం రెసిస్టర్‌తో పని లేదు, నేరుగా మోటారుకే. అందుకని "4 మాత్రమే పనిచేస్తది" అంటే కళ్ళు మూసుకుని రెసిస్టర్ చూడొచ్చు. ప్యానెల్ ధరతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

అయితే రెసిస్టర్ మార్చి పంపిస్తే సగం పనే. అది ఎందుకు కాలింది? రెసిస్టర్‌ని బ్లోయర్ గాలి దారిలోనే పెడతారు, ఆ గాలికే అది చల్లబడాలి. క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గుద్ది, రెసిస్టర్ వేడెక్కుద్ది, దాని మీదుండే థర్మల్ ఫ్యూజ్ తెగిపోద్ది. ఈ కారు ఫిల్టర్ తీస్తే, ఇదిగో, ఊక, వేపాకులు, ఈకలు కూడా. ధాన్యం రోడ్ల మీద ఆరబోసే ఊళ్ళలో తిరిగే బండి మరి. ఇంకో కారణం మోటారు బిగుసుకోవడం. మోటారు కష్టంగా తిరిగితే ఎక్కువ కరెంటు లాగుద్ది, అప్పుడు కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి నల్లబడుద్ది. రెసిస్టర్ తీసినప్పుడు ఆ కనెక్టర్ వాసన చూడండి, రంగు చూడండి. మాడి ఉంటే అది కూడా మార్చాలి, మోటారు చూపించాలి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్ద ఆంపియర్ ఫ్యూజ్ వేసేవాళ్ళు ఉంటారు. దండం పెడతా, అది చేయొద్దు. ఫ్యూజ్ పోకపోతే పోయేది వైరింగు, తర్వాత కారే.

ఆటో ఏసీ కార్ల కథ వేరు. వాటిలో సెన్సర్లు ఉంటాయి, తలుపులు తిప్పే చిన్న మోటార్లు ఉంటాయి. బాపట్ల మాస్టారు ఒకాయన, కారు కొని ఏడాది కాలేదు, "ఆటోలో పెడితే మధ్యాహ్నం అస్సలు చల్లబడట్లేదు, ప్యానెల్ తేడాగా ఉంది" అని వచ్చారు. నేను అద్దం వైపు చూసి అడిగా, "మాస్టారూ, వినాయకుణ్ణి ఎప్పుడు పెట్టారండీ?" అని. డ్యాష్‌బోర్డ్ పైన, ముందద్దానికి దగ్గరగా నల్లటి చిన్న గుండీ లాంటిది ఉంటది, అది ఎండ ఎంతుందో చూసే సెన్సర్. సరిగ్గా దాని మీద విగ్రహం, కింద ఎర్ర గుడ్డ. కారు పాపం నీడలో ఉన్నాననుకుంటోంది. స్వామిని నాలుగు అంగుళాలు పక్కకి జరిపాం, అంతే రిపేరు. ప్యానెల్ పక్కన సన్నటి చీలికలున్న చిన్న జాలీ కనపడితే దాని మీద కూడా స్టిక్కర్లు అంటించొద్దు, లోపలి వేడి చూసే సెన్సర్ చాలా కార్లలో అక్కడే.

చాలా ఆటో ఏసీ కార్లలో రెండు బటన్లు కలిపి నొక్కి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ప్యానెల్ తన తప్పుల్ని తనే నంబర్లలో చూపిస్తది. ఏ రెండు అనేది మోడల్‌ని బట్టి మారుద్ది, మీ మోడల్ పేరుతో వెతకండి. ఈ పరీక్ష ఎండలో చేయండి. షెడ్డులో చేస్తే కొన్ని కార్లు ఎండ సెన్సర్ తప్పని చూపిస్తాయి, సెన్సర్ బాగానే ఉంటది, వెలుతురే ఉండదు. ఇక డ్యాష్‌బోర్డ్ లోపల నుంచి "టక్ టక్ టక్" అని ఆగకుండా వస్తుంటే అది తలుపు తిప్పే మోటారులో ప్లాస్టిక్ పళ్ళు విరగడం. ప్యానెల్‌కి సంబంధం లేదు.

ఈ మధ్య తెనాలిలో ఒక చెల్లెమ్మ సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు చూపించింది. బాగా తక్కువకి వస్తోంది అంది. ఏసీ బటన్లు పొద్దున పనిచేయట్లేదు, మధ్యాహ్నం ఎండెక్కాక పనిచేస్తున్నాయి. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి. ఉప్పు గానీ బురద గానీ బోర్డు మీద ఉంటే అది గాలిలో తేమ పీల్చుకుంటది, తేమ ఉన్నప్పుడు గీతల మధ్య కరెంటు దారి తప్పుద్ది, ఎండకి ఆరితే మళ్ళీ బాగవుద్ది. సూర్యలంక బీచ్‌కి పోయి తడి చేతులతో బటన్లు నొక్కేవాళ్ళ కార్లలో ఇది కొద్దిగా కనపడుద్ది. కానీ దీంట్లో ప్యానెల్ తీస్తే వెనక బోర్డు మీద పచ్చగా చిలుం, మూలల్లో ఎండిన ఒండ్రు. అంత ఎత్తుకి బురద ఎట్టా వస్తది? 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్‌లో కృష్ణకి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, విజయవాడలో కాలనీలకి కాలనీలు మునిగాయి, కింద కొల్లూరు, రేపల్లె వైపు లంకలూ మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కుకి పోలేదు. సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మినవీ ఉన్నాయి. ప్యానెల్ ఎత్తుకి నీళ్ళొచ్చాయంటే దాని కిందున్న కంప్యూటర్లు, ఎయిర్‌బ్యాగ్ బాక్స్ అన్నీ మునిగినట్టే. ఆ అమ్మాయికి కారు వద్దని చెప్పా. ఆ రోజు నాకు వచ్చింది టీ డబ్బులే అనుకోండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోని కారు అమ్మకుండా ఆపితే అది చాలు.

"అన్నా, నా కార్లో బటన్లే లేవు, అంతా టచ్ స్క్రీనే, ఈ గోల నాకు లేదు" అంటారు కొంతమంది. 2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక వాళ్ళు టెస్ట్ చేశారు. గంటకి 110 కిలోమీటర్ల స్పీడ్‌లో పోతూ వేడి పెంచడం, అద్దం ఆరబెట్టే బటన్ వేయడం, రేడియో పెట్టడం లాంటి పనులు చేయాలి. బటన్లున్న 2005 మోడల్ పాత వోల్వోలో పది సెకన్లలో అయిపోయాయి. టచ్ స్క్రీన్ ఉన్న ఒక ఎంజీ కారుకి నలభై నాలుగు సెకన్లు దాటింది, ఆలోపు కారు కిలోమీటరు పైనే పోయింది. ఐరోపాలో కార్లకి స్టార్ రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటి కొన్నింటికి చేతికి తగిలే బటన్లు ఉంటేనే పూర్తి మార్కులు అంటోంది. ఏసీ ఆ లిస్టులో లేదు. ఉండాలని నా అభిప్రాయం, మీరేమన్నా అనుకోండి. వేలితో తడిమి నొక్కగలిగితే కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. మన దగ్గర 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే లారీలకి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. అంటే నిజాంపట్నం నుంచి చేపల లోడుతో రాత్రంతా నడిపే డ్రైవర్‌ల చేతికి కూడా ఇక ఈ ప్యానెల్ వస్తది. చెరుకురసం జాగ్రత్త అన్నయ్యలూ.

అద్దం మసకబారితే ఏం చేయాలో కూడా ఇప్పుడే చెప్పేస్తా, చాలామంది తిరగేసి చేస్తారు. ముందు వేలితో గీత గీసి చూడండి. లోపల గీత పడితే తేమ లోపలుంది. ముందద్దం బొమ్మ మీద వంకర బాణాలున్న మోడ్ పెట్టి, ఏసీ ఆన్ చేసి, బయటి గాలి వచ్చేలా పెట్టి, బ్లోయర్ పెంచండి. గీత పడలేదంటే తేమ బయటుంది. అది మన తీరం ప్రత్యేకం, తెల్లారుజామున సూర్యలంక రోడ్డులో బాగా కనపడుద్ది. బయట గాలి నిండా తేమ, లోపల మీరు ఏసీ ఫుల్లు పెట్టి అద్దానికి కొడుతున్నారు. చల్లటి నీళ్ళ సీసాకి బయట చెమట పట్టినట్టు అద్దానికి పడుద్ది. అప్పుడు వైపర్ ఒకసారి వేసి, గాలిని అద్దం మీద నుంచి మళ్ళించి, చల్లదనం తగ్గించండి. దీనికి ఇంకా ఏసీ పెంచితే ఇంకా మూసుకుపోద్ది.

బటనే పనిచేయక ఇరుక్కుపోతే, ఆ అన్న లాగా తల బయట పెట్టి నడపొద్దు. రెండు పక్కలా అద్దాలు నాలుగు వేళ్ళు దించండి, తడిస్తే తడుస్తాం. హజార్డ్ లైట్లు వేసి మెల్లగా రోడ్డు దిగి ఆపండి. కాలవ ఏ పక్కనుందో చూసుకుని ఆపండి.

రేపల్లె కారు లెక్క చెప్పి ఆపేస్తా. బటన్లు కడగడం, రెసిస్టర్, ఫిల్టర్, కూలీ అన్నీ కలిపి ఆయనకి చెప్పిన పద్నాలుగు వేలలో ఐదో వంతు కూడా కాలేదు. ఒక్కటి మిగిలిపోయింది. వెనకద్దం బటన్ లోపల చిన్న ఎల్ఈడీ పోయింది, బటన్ పనిచేస్తది కానీ వెలగదు. మార్చమంటారా అని అడిగితే, "వద్దులే, చీకట్లో చేత్తో తెలుస్తది" అన్నాడు. ఇప్పుడు ఈ ప్యానెల్ బిగించేసి సాయంత్రం బండి ఇచ్చేయాలి. వచ్చే వారం ఈ కారు బ్లోయర్ మోటారే విప్పి చూపిస్తా, దాంట్లో ఎలుక గూడు దొరికింది. ఉంటానండీ.